మెతుకు సామ్రాజ్యం

మా జిల్లాలో ఇంటింటి సర్వే చేసినప్పుడు ప్రతి కుటుంబానికీ రెండేసి గేదెలున్నాయని తేలింది. జిల్లా కేంద్రంలో మూడో అంతస్తు ఫ్లాట్లలో ఉండేవాళ్ళకీ ఉన్నాయి. సర్వే చేసినవాళ్ళు టిఫిన్ సెంటర్లో కూర్చుని మొదటి ఫారం చాలా శ్రద్ధగా నింపి, మిగతావన్నీ దాన్ని చూసి రాశారు. మొదటి ఫారం టిఫిన్ సెంటరాయనది. ఆయనకి నిజంగానే రెండు గేదెలున్నాయి. తీరా ఫ్లాట్లవాళ్ళ గుమ్మాల ముందు ప్రభుత్వ దాణా బస్తాలు దిగి, లిఫ్టులు ఆగిపోయి, గొడవ పేపర్లకెక్కేసరికి కలెక్టరుగారికి సర్వేలంటే విరక్తి పుట్టింది.

సరిగ్గా అదే వారంలో మా డైరెక్టరుగారు ఉపన్యాసమిచ్చారు.

మాది జిల్లా సామాజిక పరిశోధనా పీఠం. జిల్లా కొత్తది కాబట్టి సొంత భవనం లేదు. మూతపడ్డ కల్యాణమండపం ఒకటి అద్దెకి తీసుకున్నారు. డైరెక్టరు ఆచార్య గుడిమెళ్ళ చిద్విలాసరావుగారు పెళ్ళికూతురి గదిలో కూర్చునేవారు. నా పేరు సువర్చల, ప్రాజెక్టు అసిస్టెంటుని. నాకు వంటశాలలో బల్ల వేశారు. ఉపన్యాసం మాత్రం పెళ్ళిమండపం మీదే జరిగింది. అంశం, సామాజిక శాస్త్ర పరిశోధనలో వ్యష్టి అధ్యయనం విలువ. అందరికీ అర్థమయ్యే భాషలో చెప్పాలంటే కేస్ స్టడీ.

"సర్వే వెయ్యిమందిని తలా ఒక ప్రశ్న అడుగుతుంది. వ్యష్టి అధ్యయనం ఒక్క మనిషిని వెయ్యి ప్రశ్నలడుగుతుంది," అన్నారు డైరెక్టరుగారు. "ఎంతమందికి జ్వరమొచ్చిందో సర్వే చెబుతుంది. ఆ జ్వరం ఎందుకొచ్చింది, వస్తే ఆ ఇంట్లో ఎవరు పని మానుకున్నారు, ఎవరు మందు మానుకున్నారు, ఇవన్నీ ఒక మనిషి పక్కన ఓపిగ్గా కూర్చుంటేనే తెలుస్తాయి."

ఆ మాట నిజం. ఇప్పటికీ నిజమనే అనుకుంటాను. ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. కాని కలెక్టరుగారు మొదటి వరసలో కూర్చుని తలూపుతున్నారు. కలెక్టరు తలూపుతుంటే ఉపన్యాసం ఆపగలిగిన ఆచార్యుడు ఇంకా పుట్టలేదు.

"అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెంతా పిసకాలా? ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ?" అన్నారు డైరెక్టరుగారు చెయ్యెత్తి.

కలెక్టరుగారు లేచి నిలబడ్డారు. "మరి ఇన్నాళ్ళూ మనం గిన్నెంతా ఎందుకు పిసుకుతున్నాం?"

జిల్లా ప్రణాళికాధికారి పరాంకుశంగారు ఎందుకైనా మంచిదని చప్పట్లు కొట్టారు.

ఉత్తర్వు మర్నాడే వచ్చింది. "ఇందుమూలముగా సమస్త శాఖాధిపతులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట జిల్లాలోని సకల సంక్షేమ, అభివృద్ధి కార్యక్రమములు శాస్త్రీయముగా ఎంపిక చేయబడిన ఏక వ్యక్తి యొక్క లోతైన అధ్యయనము ఆధారముగా రూపొందించబడును. సదరు వ్యక్తికి లేని సమస్య జిల్లాకు లేనట్లుగాను, సదరు వ్యక్తికి గల సమస్య జిల్లా యావత్తుకు గలట్లుగాను పరిగణించవలెను."

శాస్త్రీయమైన ఎంపిక కోసం జిల్లా అంతా తిరగాలి. మా జీపులో డీజిలు లేదు. అందుకని మా మండపం వెనక సందులో, చీరలకి ఫాల్స్ కుట్టే దాసరి సామ్రాజ్యం ఎంపికయింది. మా శాస్త్రంలో దీన్ని ఉద్దేశపూర్వక ఎంపిక అంటారు. డైరెక్టరుగారి భార్య చీరలు కొన్ని ఆవిడ దగ్గర ఉండిపోయాయి, వాటిని తెచ్చే పని కూడా నాకే అప్పజెప్పారు.

నేను వెళ్ళేసరికి సామ్రాజ్యం వాకిట్లో మిషను ముందు కూర్చుని ఆకుపచ్చ చీర అంచుకి పీకో కుట్టు వేస్తోంది. నలభై అయిదు దాటిన మనిషి. మెళ్ళో టేపు, నోట్లో గుండుసూదులు.

"ఏందమ్మాయ్, మళ్ళీ ఓట్లా?" అంది సూదులు తీసి.

"కాదక్కా. మిమ్మల్ని అధ్యయనం చెయ్యటానికొచ్చాను."

"నన్నా? నేనేం చేశా?"

"ఏమీ చెయ్యలేదు. అందుకే ఎంపిక చేశారు."

ఆవిడ పక్కనున్న చీరల మూట జరిపి చోటిచ్చింది. "కూర్చో మరి. ఏం కావాల్నో అడుగు. కాకపోతే ఈ చీర సాయంత్రానికియ్యాలి."

అలా రోజూ వెళ్ళేదాన్ని. సామ్రాజ్యం భర్త గురవయ్య ట్రాలీ ఆటోలో మంచినీళ్ళ క్యాన్లు వేస్తాడు. ఒక్కత్తే కూతురు, పెళ్ళయి పక్క జిల్లాలో ఉంది. నేను ప్రశ్నలడుగుతుంటే సామ్రాజ్యం కుడుతూనే జవాబులు చెప్పేది. ఒకరోజు సూదిలో దారం ఎక్కించబోతూ, "ఈ మధ్య సందేళ అయితే చాలు కన్ను ఆనటంలా అమ్మాయ్," అంది. నేను రాసుకున్నాను.

పదిరోజులు తిరక్కుండా జిల్లా మొత్తానికీ చత్వారం కళ్ళద్దాలు పంచారు. అంగన్‌వాడీ పిల్లలక్కూడా ఇచ్చారు. పిల్లలు అవి పెట్టుకుని, ఉన్న గోడ కనపడక గుద్దుకుని, లేని మెట్టు కనపడి ఎగిరి పడ్డారు. కళ్ళజోళ్ళు అందని వాళ్ళు కలెక్టరాఫీసు ముందు ధర్నా చేశారు. పథకం విజయవంతమైందనటానికి పరాంకుశంగారు ఆ ధర్నానే సాక్ష్యంగా చూపించారు.

తర్వాత నీళ్ళ సంగతి అడిగాను. "మా ఆయన పనే నీళ్ళేయటం. నాకేం బాధ?" అంది సామ్రాజ్యం. దాంతో పడమటి మండలాలకి వెళ్ళే నీళ్ళ ట్యాంకర్లు ఆపేశారు. ఇంట్లో బడి ఈడు పిల్లలు లేరు. అందుకని బళ్ళు మూసి, టీచర్లని కళ్ళజోళ్ళ పంపిణీకి వేశారు. వైద్యబృందం వచ్చి పరీక్ష చేసి, గుండె గట్టిగా ఉందని రాసింది. జిల్లా ఆసుపత్రిలో గుండె జబ్బుల వార్డుకి తాళం వేసి, డాక్టరునీ యంత్రాలనీ ఎక్కడ గుండె జబ్బులున్నాయో అక్కడికి పంపేశారు.

నేను ఊరికే ఉండలేదు. సామ్రాజ్యం ఇంట్లో నీళ్ళు ఎందుకున్నాయో, కూతురి చిన్నప్పుడు ఆమెకి బడి ఎంత అవసరమైందో, కన్ను ఎందుకు ఆనటంలేదో, కరెంటు సందులోకి ఎంత నీరసంగా వస్తుందో అంతా వివరంగా రాసి పట్టుకెళ్ళాను. పరాంకుశంగారు ఆ కాగితాలు చదవకుండానే వెనక్కి ఇచ్చారు.

"మన ఫార్మాట్లో 'ఏమిటి' అనే కాలమ్ ఉందమ్మా. 'ఎందుకు' అనే కాలమ్ ఎక్కడుంది?"

"లేదండీ. కాని వ్యష్టి అధ్యయనంలో అసలు విలువ దానిదే..."

"ఫార్మాట్లో లేని విలువ శాఖాపరంగా విలువ కాదు," అన్నారాయన మృదువుగా.

ట్యాంకర్లు ఆగిన కొన్నాళ్ళకి, సామ్రాజ్యం వాకిట్లో ఖాళీ బిందెలతో ఓ గుంపు వచ్చి నిలబడింది. ముందున్నాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎర్రగుంటపాలెం సర్పంచి నాసరయ్య.

"అమ్మా, జిల్లా అంటే తమరేనా?"

"నేను సామ్రాజ్యాన్నయ్యా."

"ఆ, ఆ సామ్రాజ్యమే. మా ఊరికి ట్యాంకర్లు ఆపేశారమ్మా. ఇదేందని ఆఫీసులో అడిగితే, జిల్లాకి దాహం లేదు పొమ్మన్నారు. తమరు దయుంచి ఒక్క నాల్రోజులు దప్పికతో ఉంటే..."

సామ్రాజ్యం నా వంక చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. ఆవిడ ముందు వాళ్ళందరికీ నీళ్ళిచ్చింది. ఆడవాళ్ళు బిందెలు దింపి గటగటా తాగుతుంటే అలాగే చూస్తూ నిలబడింది. గురవయ్య ఆటో వచ్చి ఆగగానే, "రేపట్నుంచి మనింట్లో క్యాన్ దించొద్దు," అంది.

"నీళ్ళమ్మే వాడి ఇంట్లో నీళ్ళు లేకుండానా? నవ్వుతారే!"

"నవ్వనీ. వాళ్ళు ఏడుస్తన్నారు, చూడు."

మర్నాటి నుంచి సామ్రాజ్యం బిందె చంకన పెట్టుకుని సందు చివరి మున్సిపాలిటీ కుళాయి దగ్గర నిలబడింది. అక్కడ నీళ్ళు ఎప్పుడొస్తాయో కుళాయికే తెలీదు. "అధ్యయన అంశమునకు దాహము కలదు" అని నేను రాశాను. నా ఉద్యోగంలో నేను అంత సంతోషంగా రాసిన వాక్యం ఇంకోటి లేదు. పరాంకుశంగారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా కలెక్టరుగారి దగ్గరికి పరిగెత్తారు. వారంలో జిల్లా అంతటా ట్యాంకర్లు తిరిగాయి. కాలవ గట్టు ఊళ్ళకీ వెళ్ళాయి. చేలల్లో మోకాలిలోతు నీళ్ళలో నాట్లేస్తున్న ఆడవాళ్ళకి ట్యాంకరు డ్రైవర్లు హారన్ కొట్టి మరీ నీళ్ళు పోసి వచ్చారు.

ఈ సంగతి ఎర్రగుంటపాలెంలో ఆగుతుందా? తెల్లారేసరికి సందు నిండా జనం. మిర్చి రైతులొచ్చి, "అరెకరం కౌలుకి మేమే ఇస్తాం, ఒక్క కారు పంట వేసి నష్టపోండమ్మా చాలు," అన్నారు. వాగవతలి ఊరివాళ్ళు, "మా కల్వర్టు గోతిలో తమరు ఒక్కసారి పడితే బాగుపడిపోతాం," అని ఎడ్లబండి కూడా తెచ్చుకున్నారు. మూతబడ్డ బడి హెడ్‌మిస్ట్రెస్ చాలాసేపు నసిగి, "ఈ వయసులో అడగకూడదు గానీ సామ్రాజ్యంగారూ, ఇంకో కాన్పు సంగతేమన్నా ఆలోచించారా?" అంది.

సామ్రాజ్యం పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, ఆడపడుచు మనవరాల్ని కొన్నాళ్ళు తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. బళ్ళు తెరిచారు. కల్వర్టు దగ్గరికి బండెక్కి వెళ్ళి, నెమ్మదిగా దిగి, గోతిలో పడ్డట్టు నటించబోయి నిజంగానే పడింది. మోకాలు వాచింది. కల్వర్టు కట్టి, నున్నటి తారురోడ్డు వేశారు. దాంతోపాటు జిల్లాలో ప్రతి పౌరుడి మోకాలికీ కట్టుకోమని పట్టీలు కూడా ఇచ్చారు.

"జిల్లా కష్టాలన్నీ మా ఇంట్లోనే వండుకుంటన్నాం," అన్నాడు గురవయ్య నాతో, విసుగ్గా. ఆయన విసుగులో అన్యాయమేం లేదు. కుట్టాల్సిన చీరలు గుట్టలు పడ్డాయి. పెళ్ళి చీరలిచ్చినవాళ్ళు తిట్టి పట్టుకుపోయారు.

"ఊరుకోవయ్యా. నేనొక్కదాన్ని పడితే అంతమందికి రోడ్డొచ్చింది. ఊరికే పడేవాళ్ళు లేరా లోకంలో?" అంది సామ్రాజ్యం మోకాలికి కాపడం పెట్టుకుంటూ.

ఓ రోజు ఒక కాంట్రాక్టరు యాపిల్ పళ్ళ బుట్టతో వచ్చాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, కలెక్టరాఫీసు కూడలిలో రంగురంగుల దీపాల మధ్య నీళ్ళు పైకి చిమ్ముతుంటే చూడాలని మీకెప్పుడన్నా అనిపించిందా?"

"లేదయ్యా."

"ఇప్పుడనిపించినా పర్లేదు."

"నీళ్ళు పైకి చిమ్మటం దేనికి? అయ్యేదో ఎర్రగుంటపాలెం పంపితే సరిపోద్ది గదా."

కాంట్రాక్టరు యాపిల్ పళ్ళు వెనక్కి తీసుకుపోయి, అధ్యయన అంశాన్ని బయటివాళ్ళు ప్రలోభపెడుతున్నారని కలెక్టరుగారికి ఫిర్యాదు చేశాడు. మా డైరెక్టరుగారు చాలా బాధపడ్డారు. "అంశం కలుషితమైపోతోంది. మెతుకు మీద అందరూ చెయ్యి వేస్తున్నారు," అన్నారు. సాయంత్రానికల్లా సామ్రాజ్యం ఇంటి చుట్టూ తాడు కట్టారు. గుమ్మం దగ్గర ఓ కానిస్టేబుల్ని నిలబెట్టారు. "ఇచ్చట జిల్లా కలదు. లోనికి ప్రవేశము లేదు" అని బోర్డు పెట్టారు. చీరలిచ్చేవాళ్ళకీ ప్రవేశం లేదు. నాకూ, గురవయ్యకీ మాత్రం పాసులిచ్చారు. ఇంటికి రావడానికి పాసు తీసుకున్న మొగుడు మా జిల్లాలో ఆయనొక్కడే.

తాడు కట్టాక సామ్రాజ్యం నవ్వడం మానేసింది. మిషను ముందు కూర్చుని, కుట్టడానికేమీ లేక, పాత చీర ఒకటి తీసి ఫాల్ విప్పి మళ్ళీ కుట్టేది. "అమ్మాయ్, నువ్వు ఇన్నాళ్ళుగా వస్తన్నావు. నువ్వు రాసేదంతా నా గురించేనా?" అని అడిగింది ఓసారి.

"మీ గురించేనక్కా."

"మరి నాకేమైనా అయితే నన్నడుగుతారా, జిల్లానడుగుతారా?"

నేను జవాబు చెప్పే అవసరం లేకుండానే, ఆ మరుసటి వారమే ఆవిడకి గుండెనొప్పి వచ్చింది.

మధ్యాహ్నం పూట. నేనక్కడే ఉన్నాను. ఎడం చెయ్యి లాగుతోందంది. ముఖమంతా చెమటలు. గురవయ్య, నేను, కానిస్టేబుల్ కలిసి ఆటోలో జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గుండె వార్డు తలుపుకి తాళం. డ్యూటీ డాక్టరు నాలిక కింద ఒక మాత్ర పెట్టించి, మమ్మల్ని పక్కకి పిలిచాడు. "ఇక్కడ చెయ్యటానికేం లేదు. జిల్లాలో గుండె జబ్బులే లేవన్నారు గదా, సామానంతా పంపేశారు. వెంటనే పక్క జిల్లా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఎంత ఆలస్యమైతే అంత ప్రమాదం." అంతలోనే ఆయన ఫోను మోగింది. విని, మా వంక చూడలేక చూశాడు. "అనుమతి లేకుండా ఈవిడ జిల్లా దాటకూడదట. ఇంటికి తీసుకెళ్ళి ఉంచమన్నారు."

కల్యాణమండపంలో అత్యవసర సమావేశం పెట్టారు. సామ్రాజ్యాన్ని ఇంట్లో దించి నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి పరాంకుశంగారు మాట్లాడుతున్నారు.

"సమస్య చాలా సున్నితమైనది. ఉత్తర్వు ప్రకారం ఆవిడే జిల్లా. జిల్లా జిల్లా దాటి ఎలా వెళుతుంది? పైగా ఆవిడ వెళ్ళిన క్షణం నుంచి ఇక్కడ మనం ఎవర్ని పరిపాలిస్తున్నట్టు?"

"సార్, ఆవిడ చచ్చిపోతుంది," అన్నాను.

"కూర్చో సువర్చలా," అన్నారు డైరెక్టరుగారు. "చికిత్స అనేది జోక్యం. పరిశోధకుడు తన అంశం సహజ గమనంలో జోక్యం చేసుకోకూడదు. చెయ్యాలంటే ముందు నైతిక సంఘం వెయ్యాలి. సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. నిజానికి ఇదొక అరుదైన అవకాశం. ఒక జిల్లా మొత్తానికి గుండెపోటు వస్తే ఎలా ఉంటుందో లోకంలో ఎవరూ దగ్గర్నుంచి చూడలేదు."

"సహజ గమనం అంటే ఏంటి సార్?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "నీకు పద్ధతిశాస్త్రం ఇంకా వంటబట్టలేదమ్మా."

ఈలోగా వైద్యశాఖ తన పని తాను చేసుకుపోతోంది. జిల్లా వాసులందరికీ గుండెపోటు వచ్చినట్టు ప్రకటించి, రేషన్ షాపుల్లో నాలిక కింద పెట్టుకునే మాత్రలు పంచమన్నారు. సినిమా హాళ్ళలో ఆట ఆపి ప్రేక్షకుల్ని పడుకోబెట్టారు. కలెక్టరుగారు సమావేశంలో ఎడం చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, నిబంధన నిబంధనే కదా.

నేను చెప్పకుండా లేచి బయటికొచ్చేశాను. సందు మొదట్లో నాసరయ్య కనిపించాడు. రేషన్ షాపులో మాత్ర తీసుకున్నాక అసలు సంగతి తెలిసి, ట్యాంకరు మీదే వచ్చాడట. వెనక మరో పదిమంది. వాళ్ళని చూసి కానిస్టేబుల్ తాడు దగ్గర నిలబడ్డాడు.

"లోపలికెవరూ వెళ్ళకూడదు," అన్నాడు.

"బయటికి?" అన్నాను.

అతను బోర్డు కేసి చూశాడు. బోర్డు మీద ప్రవేశం సంగతే ఉంది. బయటికి రావడం గురించి ఒక్క ముక్క లేదు. "మా అత్తగారిది వాగవతలి ఊరే మేడం," అని గొణిగి, తాడు తనే పైకెత్తాడు.

గురవయ్య ట్రాలీ ఆటోలో క్యాన్లు పక్కకి సర్ది పరుపు వేశాం. సామ్రాజ్యాన్ని పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ముందు నాసరయ్య ట్యాంకరు హారన్ కొడుతూ దారి చేస్తే, వెనక మేం. కల్వర్టు దగ్గర కొత్త రోడ్డు మీద ఆటో ఏమాత్రం కుదుపు లేకుండా జారిపోయింది. "ఇదేనా నే పడ్డచోటు?" అంది సామ్రాజ్యం కళ్ళు మూసుకునే. "ఇదేనక్కా," అన్నాను. జిల్లా సరిహద్దు రాయి దాటాక గురవయ్య వెక్కి వెక్కి ఏడవటం మొదలెట్టాడు. ఏడుస్తూనే నడిపాడు.

పెద్దాసుపత్రిలో అడుగుపెట్టగానే లోపలికి తీసుకుపోయారు. స్టెంట్ వేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు అక్కడి డాక్టరు. సామ్రాజ్యం బతికింది.

జిల్లాకి మాత్రం బాగా లేదు. "జిల్లా జనాభా యావత్తు పొరుగు జిల్లాకు వలస వెళ్ళినది" అని పరాంకుశంగారు నివేదిక పంపారు. మనుషుల్లేని జిల్లాకి ఖర్చు దేనికని రేషనూ, పింఛన్లూ, జీతాలూ ఆపేశారు. జీతాలు ఆగాక గాని అధికారులకి అనుమానం రాలేదు. ఎర్రగుంటపాలెం నుంచీ, వాగవతల నుంచీ జనం కళ్ళజోళ్ళు పెట్టుకుని, మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని కలెక్టరాఫీసు ముందు కూర్చుని, మేమున్నామని అరిచారు. లోపలి నుంచి ఓ గుమాస్తా వచ్చి, రికార్డు ప్రకారం మీరు లేరు, లేనివాళ్ళు అరవటం శాంతిభద్రతల సమస్య అవుతుందని చెప్పి వెళ్ళాడు. చివరికి రాజధాని నుంచి ఓ బృందం వచ్చి, స్వయంగా గిల్లి చూసి, జనం తాత్కాలికంగా ఉన్నట్టు ధ్రువీకరించింది. కలెక్టరుగారు బదిలీ అయ్యారు. మా డైరెక్టరుగారు "నూరు శాతం వలస: ఒక వ్యష్టి అధ్యయనం" అనే వ్యాసం చదివి, పెద్ద సభలో శాలువా కప్పించుకున్నారు. వ్యాసంలో సామ్రాజ్యం పేరు లేదు. గోప్యత పాటించారు.

నా ఉద్యోగం తీసేశారు. తీసేసినందుకు నాకేం బెంగ లేదు. తోచినప్పుడల్లా పోయి, పక్క జిల్లాలో కూతురింట్లో ఉంటున్న సామ్రాజ్యాన్ని చూసి వచ్చేదాన్ని. అప్పుడు రాసుకోవడానికి నా చేతిలో ఏమీ ఉండేది కాదు. అందుకేనేమో, ఆవిడ చాలా చెప్పేది. గురవయ్యని పెళ్ళాడకముందు టైలరింగు నేర్పిన మేనత్త గురించీ, ఒక వానాకాలం మిషను అమ్ముకోవాల్సి రావడం గురించీ, మళ్ళీ ఎలా కొనుక్కుందో దాని గురించీ. ఇవన్నీ ఏడాదిపాటు రోజూ పక్కన కూర్చున్నా నేనెప్పుడూ అడగలేదు.

కొన్ని నెలల తర్వాత పరీక్షలకని ఆవిడని మళ్ళీ పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. ఇంకో రెండ్రోజుల్లో పంపేస్తారనగా, ఓ ఉదయం నేను మంచం పక్కన కూర్చుని బత్తాయి వలుస్తున్నాను. గురవయ్య మందులకని కిందికి వెళ్ళాడు. తలుపు తోసుకుని, ఇస్త్రీ చొక్కాలో ఓ కుర్ర అధికారి, వెనక ఫైలు పట్టుకుని ఓ గుమాస్తా వచ్చారు. అధికారి చేతిలో పూలగుత్తి ఉంది.

"నమస్కారమండీ. నేను ఈ జిల్లా ప్రణాళికాధికారిని. మీ జిల్లాలో జరిగిన ప్రయోగం గురించి ఆచార్యులవారి వ్యాసం చదివాం. అద్భుతం! మా కలెక్టరుగారు కూడా మొదలుపెడదామన్నారు. అనుభవమున్న అంశం అయితే బావుంటుందని... సామ్రాజ్యంగారంటే మీరేగా?"

సామ్రాజ్యం దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "కాదండీ. ఆవిడ పొద్దున్నే ఇంటికెళ్ళిపోయింది. ఎటెళ్ళిందో కూడా చెప్పలా."

అధికారి ముఖం వాడిపోయింది. పూలగుత్తి ఎక్కడ పెట్టాలో తెలీక చుట్టూ చూశాడు. చూపు నా మీద ఆగింది. నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసి, గుమాస్తాతో ఏదో గుసగుసలాడాడు.

"మరి మీ పేరేంటండీ?" అన్నాడు నాతో, చాలా మర్యాదగా.

నేను నోరు తెరవబోయాను. దుప్పటి కింద నుంచి సామ్రాజ్యం నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"మా చెల్లెలి కూతురండీ. పాపం, పుట్టు మూగ. మాటలు రావు. వినపడదు కూడాను."

"అయ్యో," అన్నాడు అధికారి. మెల్లిగా అతని ముఖం వెలిగింది. "మాట్లాడరా? ఏది అడిగినా ఏమీ చెప్పరా?"

"చెప్పదండీ."

అతను పూలగుత్తి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, గుమాస్తా వైపు తిరిగాడు.

"ఈవిడ్ని రాసుకోండి. మన జిల్లాకి సరిగ్గా ఇలాంటివాళ్ళే కావాలి."